పుట్టింటి మేక

భర్త ప్రసాదరాజు పోయాక సూర్యావతి రోజూ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆయన కంప్యూటర్లో తయారుచేసిన పులిమేక ఆట ఆడేది. మేకలు తనవి, పులులు కంప్యూటర్‌వి. “నాన్న ఆడుతున్నారు చూడు,” అనేది పాపతో.

భీమవరంలో కంప్యూటర్లు నేర్పే ఆయన స్నేహితుడు హరనాథ్ ఆ ఆట ఉన్న ఫ్లాపీ తీసుకెళ్లి వారానికి తెచ్చిచ్చాడు.

“మా క్లాసు పిల్లలు ఊరికే గెలిచేస్తున్నారండి. పులికి బుర్ర పెంచాను. ఇక చెమటలు పట్టిస్తుంది, ఆడండి వదినగారూ!”

సూర్యావతి అలవాటుగా మొదటి మేకను పులి పక్కనే పెట్టింది. ఆయన బతికుండగా పులులతో ఆడుతూ, “అది మీ పుట్టింటి మేక. ముట్టుకుంటే మీ నాన్నగారు ఊరుకుంటారా?” అని నవ్వి వదిలేసేవాడు. కంప్యూటర్‌కూ అదే నేర్పాడు.

పులి దూకింది. మేక మాయమైంది.

“మొదటిదాన్ని తినదు కదండీ?”

“అదేనండి తప్పు! సరిచేశాను.”

“పాతది ఉందాండి?”

“దానిమీదే కొత్తది రాసేశానండి. ఏం?”

పాప తెరమీది పులికేసి చెయ్యి చాచింది. “నాన్న!”

సూర్యావతి ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

“కాదమ్మా. ఇది వేరే పులి.”