డెత్ మేళం

గ్రైండర్ ఆపితే తన దగ్గు పదిమందికీ వినిపిస్తుందని చిరంజీవి దాన్ని ఆపడు. ఆళ్లగడ్డ శిల్పాల షెడ్డులో ద్వారపాలకుడి మోకాలు నునుపు చేస్తున్నాడు. ముక్కుకు కట్టుకున్న తడిగుడ్డ ఎప్పుడో ఎండిపోయింది. కనుబొమలు, చెవులు, మెడలోని దారం, అన్నీ రాతిపొడితో తెల్లబడ్డాయి. నలభై నిండకుండానే బయటివాళ్లు తాతా అని పిలుస్తున్నారు. మిషను రొద చాటున గొంతు అడుగునుంచి ఒక గాండ్రింపు తీయబోయాడు. రాలేదు. మధ్యాహ్నం శేషయ్య టేపురికార్డరు తెస్తాడు. మిగిలిన ఆ ఒక్క పాటా ఇవాళ పాడి తీరాలి.

తొంభై ఏడులో నంద్యాలలో నలుగురు స్నేహితులు డెత్ మెటల్ బ్యాండు పెట్టారు. గిటార్ల హోరులో చావు గురించి గాండ్రించే పాటలు. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక క్యాసెట్ విని పట్టిన పిచ్చి అది. గొంతు చిరంజీవిది, డ్రమ్ములు శేషయ్యవి. బోర్డు రాసే పెద్దాయన మెటల్ అన్నది తప్పనుకొని, పుణ్యాత్ముడు, తనే దిద్ది "డెత్ మేళం" అని రాశాడు. ఇంకేముంది, కోయిలకుంట్ల నుంచి ఒకాయన తలగుడ్డ చేతబట్టుకొని వచ్చాడు.

"మా నాయన పోయినాడప్పా. బేగా రావల్ల."

"మాది చావుమేళం కాదప్పా!"

"డెత్తంటే చావే గదా. మేళమనీ రాసుకున్యారు. మల్ల ఇంగేందీ?"

శేషయ్య పోదామన్నాడు. చిరంజీవి ససేమిరా అన్నాడు. ఆ తర్వాత ఎంతమంది వచ్చినా అదే మాట.

విత్తనాల గోదాములో గోడలకు గోనెసంచులు కట్టి రెండు క్యాసెట్లు రికార్డు చేశారు. కొన్నవాళ్లకంటే తిట్టినవాళ్లే ఎక్కువ. మూడోది ఇంకొక్క పాటతో పూర్తయ్యేది. గిటార్లవాళ్లిద్దరూ ఉద్యోగాలకు హైదరాబాదు పోయారు. శేషయ్య పెళ్లి బ్యాండులో చేరాడు. చిరంజీవి రాళ్లు చెక్కే పనిలో పడ్డాడు. ఇంట్లో చావుపాటలేందని భార్య ఈశ్వరి ఒక్కటీ విననేలేదు. ఆ సంగతి అతన్ని పొడి కంటే ఎక్కువ బాధపెట్టింది.

భోజనాల వేళ షెడ్డు సద్దుమణిగింది. శేషయ్య మూడో క్యాసెట్ వేసిన టేపురికార్డరుతో వచ్చి, అతన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"అరిచేదానికి నీకు గాలి యాడుందన్నా?"

"యాడోకాడ ఉంటాది. నువ్వు వాయించు."

రికార్డు చేసే ఎర్ర మీట తనే నొక్కుతానని చిరంజీవి పట్టుబట్టాడు. శేషయ్య రెండు ఉలులతో బండమీద దరువేశాడు. చిరంజీవి నోరు తెరిచాడు. గాండ్రింపు రాలేదు. గరగరమనే ఊపిరి మాత్రం దరువు వెంట లేస్తూ పడుతూ పోయింది. ఆపితే తనెక్కడ ఏడుస్తాడోనని శేషయ్య టేపు అయిపోయేదాకా వాయించాడు.

"రేపు ఇంకోసారి చేద్దాంలే అన్నా. మిషను నీకాడే ఉండనీ."

సాయంత్రం చిరంజీవి టేపురికార్డరు చంకనబెట్టుకొని ఇంటికొచ్చాడు. కాసేపు పడుకుంటానన్నాడు. దీపాలవేళ ఈశ్వరి టీ తెచ్చి లేపితే లేవలేదు.

మర్నాడు షెడ్డు మేస్త్రి అంకన్న వాకిట్లో నిలబడి అడిగాడు. "మేళం యాడనుంచి పిలిపిద్దాం?"

"మేళం ఈడే ఉండాది," అన్నాడు శేషయ్య.

మూడో క్యాసెట్ మొదటికి తిప్పి పెట్టాడు. చిరంజీవి కుర్రతనపు గాండ్రింపు వాడంతా అదరగొట్టింది. ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. ఇంతకాలం కాదు కాదన్న చావుకు అతని బ్యాండు చివరికి రానే వచ్చింది. ఆఖరున ఉలుల దరువు, దాని వెంట ఊపిరి. శేషయ్య ఆపబోయాడు. ఈశ్వరి అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీన్నా. రాత్రుళ్లు నా పక్కన వినపడేది ఇదే. ఆయప్ప ఇంగా ఊపిరి తీస్తాండాడు."

టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచింది. దాని పక్కనున్న ఎర్ర మీట మీద, తెల్లటి రాతిపొడిలో, చిరంజీవి బొటనవేలి ముద్ర అలాగే ఉంది.