ఏడో నెలలో తేలు

వేణ్నీళ్ల పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు తీద్దామని హారతి పెరట్లో పాకలోకి వెళ్లి కుప్పలో చెయ్యి పెట్టింది. వేలికి నిప్పంటుకున్నట్టయింది. చేతిలోని డొక్క జారి కింద పడింది. దాని పీచులోంచి చిన్న ఎర్ర తేలు బయటికొచ్చి గోడవైపు పాకింది.

"అత్తయ్యగారూ, తేలు," అంది. నొప్పి మోచేతిదాకా, అక్కణ్ణుంచి భుజందాకా ఎగబాకింది. ఆమెకు ఏడో నెల. రెండో చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి వెళ్లింది.

అత్తగారు రత్నమాణిక్యం పరిగెత్తుకొచ్చింది. మండపేట రైసుమిల్లుకు బయల్దేరబోతున్న భర్త భీమరాజు బండి ఆపి వచ్చాడు.

"తాతాజీగారు మంత్రం వేస్తారు కదమ్మా. పక్కవీధే, తీసుకెళ్దాం," అన్నాడు.

"వద్దు. ఆసుపత్రికి తీసుకెళ్దాం," అంది రత్నమాణిక్యం.

"ఊళ్లో అందరూ ఆయన దగ్గరికే..."

"చెప్తుంటే అర్థం కాదా? ఆటో పిలవరా."

అత్తగారి గొంతు అలా వణకడం హారతి ఎప్పుడూ వినలేదు. కుట్టిన నొప్పికంటే ఆ వణుకే ఎక్కువ భయపెట్టింది.

ఆటో ఎక్కేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయింది. కాళ్లూ చేతులూ మాత్రం చల్లబడ్డాయి. దారిలో వాంతులయ్యాయి. కాలవగట్టు మీద ధాన్యం లారీలు అడ్డంగా ఆగి ఉంటే, భీమరాజు దిగి డ్రైవర్లను బతిమాలుకుంటూ ఆటో ముందు నడిచాడు. అప్పుడే పొట్ట రాయిలా బిగుసుకుంది. కాసేపటికి వదిలింది. మళ్లీ బిగుసుకుంది.

"లోపల కదలడం లేదండి," అంది హారతి. "పొద్దున్న లేచినప్పుడు కదిలింది. ఇప్పుడు లేదు."

రత్నమాణిక్యం కోడలి పాదాలు ఒళ్లోకి తీసుకుని రుద్దుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టర్ ఫణిశ్రీ నాడి చూసి, "ఎర్రదా, నల్లదా?" అని అడిగింది. ఎర్రదనగానే నర్సును తొందరపెట్టింది. మాత్ర మింగించి ఆక్సిజన్ పెట్టారు.

"ఈ విషం గుండె మీద పనిచేస్తుందమ్మా. గర్భసంచి కూడా బిగుసుకోవచ్చు. ముందు బిడ్డ ఎలా ఉందో చూద్దాం," అంటూ పొట్టకు యంత్రం ఆనించింది.

గరగరమనే చప్పుడే తప్ప ఏమీ వినిపించలేదు. డాక్టర్ దాన్ని పక్కకు జరిపింది. ఇంకొంచెం జరిపింది. ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేక హారతి కళ్లు మూసుకుంది.

అప్పుడు వినిపించింది, టకటకమంటూ.

"ఉందమ్మా. కాస్త వేగంగా కొట్టుకుంటోంది. రెండ్రోజులు ఇక్కడే ఉండాలి."

సాయంత్రానికి బిగింపులు తగ్గాయి. మంచం పక్కన కూర్చున్న భీమరాజు తల్లిని అడిగాడు.

"మంత్రమంటే అంత కోపం వచ్చిందేంటమ్మా?"

"నీకంటే ముందు ఒకడున్నాడు," అంది రత్నమాణిక్యం. "నిండు నెలల్లో నన్నూ తేలు కుట్టింది. మంత్రం వేయించారు. నొప్పి తగ్గితే విషం దిగిపోయిందనుకున్నాను. లోపల కదలడం లేదని ఎప్పటికో గానీ తెలియలేదు."

హారతి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

ఆడపిల్ల పుట్టింది, నెల ముందే. తేలు వల్లేనా అని అడిగితే, చెప్పలేనంది డాక్టర్. బరువు తక్కువని కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉంచి పంపారు. ఇంటికొచ్చాక కూడా హారతికి భయం తీరలేదు. పక్క దులిపి, దుప్పటి తిరగేసి చూసి గానీ పిల్లను పడుకోబెట్టేది కాదు. పడుకోబెట్టాక ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది.

"పీలుస్తోందా?" అని వంటింట్లోంచి రత్నమాణిక్యం అడిగేది.

"పీలుస్తోందండి," అనేది హారతి, వేలు తియ్యకుండానే.