మస్తానమ్మ నిద్ర

కోతలైపోయి కాస్త తీరిక చిక్కిందంటే చాలు, ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్ళకి హజరత్తయ్య గుర్తొచ్చేవాడు. భుజాన దూది ఏకే విల్లు, చంకలో నారిని కొట్టే చెక్కగుండు, వెనకాలే సూదీదారంతో కూతురు సర్దార్‌బీ. ఏ ఇంటి వసారాలో కూర్చుని విల్లు మీటినా ఆ టంగుటంగుకి వీధంతా పాత పరుపులూ దిండ్లూ మోసుకొచ్చేది. దూది గాల్లోకి లేస్తుంటే ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆయన చేతులకేసే చూస్తూ నిలబడేవాళ్ళు. ఎవరి దూది వాళ్ళ దిండులోకే పోవాలి మరి. మనిషి రోజూ పోయే నిద్రంతా దాంట్లోనే కదా ఉండేది.

ఒకసారి ఎవరో తొందరపాటు మనిషి అత్తాకోడళ్ళ దిండ్లు కలిపి ఏకేశాడట. ఆ తర్వాత కోడలు రోజూ నిద్దట్లో తనని తానే తిట్టిపోసుకునేదని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. తెలిసి ఇచ్చిపుచ్చుకునేది వేరు. బాలింతకి పుట్టింటివాళ్ళు తలా ఒక పిడికెడు దూది పంపేవాళ్ళు. పిడికెడైతే రెండు మూడు రాత్రులకి వచ్చేది. నిలకడగా ఉండాలంటే దిండంతా రావాలి, దిండంతా ఇచ్చేది పోయేవాళ్ళే. పెద్దలు పోతే చేనూ గొడ్లూ పంచుకున్నట్టే నిద్రనీ పంచుకునేవాళ్ళు, దానికోసమూ కొట్లాడుకునేవాళ్ళు. గలీబు ఎన్నిసార్లయినా ఉతుక్కోవచ్చు గానీ దూదికి తడి తగలకూడదు. ఆ సంగతి ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకి కూడా తెలుసు.

సర్దార్‌బీకి పసితనం నుంచీ మూర్ఛ. నిద్ర కుదురుగా పట్టేది కాదు. పట్టని మర్నాడల్లా ఎక్కడుంటే అక్కడ విరుచుకుపడేది. పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ రానిచ్చేవాళ్ళు కాదు. తల్లి మస్తానమ్మ విషజ్వరంతో పోతూ, తన నిద్రంతా బిడ్డకేనని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. హజరత్తయ్య ఆ దూదిని కూతురి దిండులో కలిపి ఏకాడు. అంతటితో మూర్ఛ మళ్ళీ తొంగిచూడలేదు. పిల్ల వంట చేసింది, నీళ్ళు తోడింది, పరుపులు కుట్టడంలో తండ్రిని మించింది. ఇన్నాళ్ళకి మనుషుల్లో పడింది కదా అని హజరత్తయ్య గుండెమీద చెయ్యేసుకున్నాడు.

చైనావాళ్ళతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు కొడవలూరు మోతుబరుల ఇంట్లో పరుపులు ఏకుతుండగా, ఆ ఇంటి బిడ్డ పద్మనాభయ్య వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. మద్రాసులో పెద్ద డాక్టరు. ఇంగ్లీషుదొరల సీమకి పోయి మెదడు చదువు చదువుకొచ్చాడు. మనిషి నిద్రపోతుంటే మెదడు ఏం చేస్తుందన్నది ఆయన పరిశోధన.

"హజరత్తా, నిద్ర దూదిలో ఉంటాదని మనందరికీ తెలిసిందే. దిండులో నించి తలలోకి ఎట్టా పోతాదో మాత్రం ఎవురూ చూళ్ళేదు. నీ కూతురికి మూర్ఛ కుదిరిందంట గదా. దిండుతో సహా ఒకసారి మద్రాసు తీసకరా. నాకు తెలిస్తే ఇంకెంతమందికో మేలు."

"అట్టనే సామీ," అన్నాడు హజరత్తయ్య. తాతల కాలం నుంచి ఆ ఇంటి పరుపులు ఏకిన వంశం. ఆ గడపలో కాదనే మాట ఎవరి నోటా వచ్చి ఎరగదు.

మద్రాసు ఆసుపత్రిలో మధ్యాహ్నం అన్నం పెట్టి సర్దార్‌బీని మంచం మీద పడుకోబెట్టారు. తలంతా తీగలు అంటించారు. పక్కన యంత్రంలో సన్నటి కలాలు కాగితం మీద గీతలు గీస్తున్నాయి. ఆసుపత్రి దిండు మీద ఉన్నంతసేపూ గీతలు తుమ్మముళ్ళలా గీరుకుంటూ పోయాయి. తన దిండు తల కింద పెట్టగానే పిల్ల కళ్ళు మూసుకుంది. గీతలు పెద్దవై, నెమ్మదించి, ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా లేచిపడ్డాయి. పద్మనాభయ్య ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది. చెడ్డవాడు కాడాయన. చెడ్డవాడైతే తిట్టుకునేందుకైనా వీలుండేది.

దిండు కొన్నాళ్ళు తన దగ్గర ఉంచమన్నాడు. సర్దార్‌బీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వదల్లేదు.

"ఇయ్యబాక నాయనా. అమ్మది."

"అంత పెద్దాయన అడిగితే ఎట్టా కాదంటామే? మళ్ళా పంపిస్తాడులే," అని హజరత్తయ్యే కూతురి చేతుల్లోంచి దిండు తీసి ఇచ్చాడు. ఇంటికొచ్చాక తన దిండులోంచి పిడికెళ్ళు తీసిపెడుతూ నెట్టుకొచ్చాడు.

అన్న మాట ప్రకారం దిండు తిరిగొచ్చింది. కొత్త తెల్ల గలీబు, గుప్పున ఫినాయిల్ వాసన. ఆసుపత్రిలోకి వచ్చిన ప్రతి గుడ్డనీ ఆవిరిలో ఉడికించి ఆరబెట్టడం అక్కడి పద్ధతి. ఈ దూది తడపొద్దని ఆయాలకి ఒక్క ముక్క చెప్పాల్సినవాడు డాక్టరు, మర్చిపోయాడు. హజరత్తయ్య కుట్లు విప్పి ఒక్కసారి విల్లు మీటాడు. దూది తేలిగ్గా పైకి లేచింది, నిన్నగాక మొన్న కాయలోంచి తీసినట్టు. మస్తానమ్మ లేదు అందులో. విల్లు పక్కన పడేసి, ఆమె చచ్చిన రోజు ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాడు.

ఇరుగుపొరుగు పిడికెడు పిడికెడు తెచ్చి ఇచ్చారు. ఎన్నాళ్ళని ఇస్తారు, ఎవరి సంసారాలు వాళ్ళవి. సర్దార్‌బీ కళ్ళు తెరుచుకునే రాత్రులు గడిపింది. ఒకరోజు అన్నం వారుస్తూ పొయ్యిలోకే పడింది. సూది పట్టే చెయ్యి మణికట్టు దాకా కాలింది.

మళ్ళీ మద్రాసు. పద్మనాభయ్య సంగతి విని "అయ్యో!" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ ఒక్క అయ్యో అయ్యాక ఆయన కళ్ళల్లో వేరే వెలుగు వచ్చింది.

"ఉన్న నిద్రంతా ఒక్కసారి పోయిన మనిషిని ఇంతవరకూ ఎవురూ యంత్రం పెట్టి చూళ్ళేదు హజరత్తా. నీ బిడ్డ పేరు పుస్తకాల్లోకి ఎక్కతాది."

"పేరెందుకు సామీ, దానికి నిద్ర కావాల."

"మాత్రలిస్తా గదా, కంగారుపడబాక."

మాత్రలు వేస్తే రెప్పలు మూతపడేవి గానీ కాగితం మీద తుమ్మముళ్ళు అట్లాగే ఉండేవి. పడిపోవడం ఎక్కువైంది. డాక్టరు శిష్యులు మంచం చుట్టూ చేరి, గీతలు చూసుకుని ఇంగ్లీషులో సంతోషపడేవాళ్ళు. ముసలి నర్సు ఒకామె హజరత్తయ్యని పక్కకి పిలిచి, ఈ పిల్ల ఇట్లా ఎక్కువకాలం నిలవదు నాయనా అని చెప్పింది.

కూతుర్ని వార్డులోనే ఉంచి ఆయన రైలెక్కి ఇంటికి వచ్చాడు. పెరట్లో ఎండలో కూర్చుని తన దిండు విప్పాడు. పక్కింటి చోటే సాహెబ్ గోడ మీంచి చూశాడు.

"పిడికెడేనా తీసేది?"

"మొత్తం అన్నా."

"బతికుండగా ఎవురన్నా మొత్తం ఇస్తారంట్రా? నువ్వేమై పోతావు?"

"వాళ్ళమ్మది నా చేతుల్తో నేనే తీసిచ్చినా గదన్నా. నాది ఉంచుకోని ఏం జేసుకునేది?"

హజరత్తయ్య ఆ ఉడికిన దూదిలోనే తనదంతా కలిపి సాయంత్రం దాకా ఏకాడు. విల్లు నారికి అంటుకున్న నూగు కూడా గిల్లి దిండులో వేశాడు.

ఆ దిండు మద్రాసు మోసుకుపోయి సర్దార్‌బీ తలకింద పెట్టి, తడపొద్దని వార్డులో కనపడిన ప్రతి ఆయాకీ దణ్ణం పెట్టి చెప్పాడు. మధ్యాహ్నానికి పిల్ల నిద్రపోయింది. కలాలు నెమ్మదించి పెద్ద పెద్ద గీతలు గీశాయి. పద్మనాభయ్య పరిగెత్తుకొచ్చాడు.

"చూసినావా, మాత్రలు పనిచేసినాయి! చెప్పినానా లేదా?"

హజరత్తయ్య కాదనలేదు. అసలు సంగతి చెబితే ఈ దిండు కూడా అడుగుతాడని భయం. డాక్టరు ఆ మాత్రల మీద పెద్ద వ్యాసం రాసి ఢిల్లీలో చదివొచ్చాడు, శాలువా కప్పారు. తిరిగొచ్చిన రోజు హజరత్తయ్య వంక చూసి ఆగాడు.

"ఏం హజరత్తా, కళ్ళు నిప్పులమాదిరి ఉండాయే. నిద్రపోతన్నావా? నీ తల కూడా ఒకసారి చూద్దామా?"

"నాదేముంది సామీ, ముసలి తల."

పంపించేసే రోజు పొద్దున సర్దార్‌బీ లేచి కూర్చుని తండ్రినే చూసింది.

"నాయనా, అమ్మ కనపడింది."

ఉడికిన దూదిలో ఎక్కడో కొంచెం మిగిలి ఉంటుందేమోనని ఆయన ప్రాణం ఒక్క క్షణం లేచొచ్చింది.

"ఎట్టా ఉండాది?"

"చిన్నది. నాకంటే చిన్నది. పచ్చగళ్ళ చీర కట్టుకోనుండాది. నేను పుట్టకముందు అమ్మ అట్టా ఉండేదా?"

పెళ్ళైన కొత్తల్లో మస్తానమ్మకి ఆ చీర ఆయనే కొన్నాడు. ఆమె పోయినప్పటి నుంచీ ఏ రాత్రి కన్ను మూసినా ఆ చీరలోనే వచ్చేది. తన దూది ఏకుతున్నంతసేపూ ఆయన పళ్ళు బిగబట్టింది, ఇక ఆమె కలలోకి రాదన్న సంగతి తలుచుకోకూడదనే. సర్దార్‌బీ కాలిన చేత్తో దిండు తడిమింది.

"ఇదంతా నీదేనా నాయనా? మొత్తమా?"

ఆయన తలొంచుకున్నాడు. "ఏమన్నా అన్నదా?" అని అడిగాడు.

"నన్ను నువ్వనుకున్నాది. 'ఎంతసేపు ఏకతావయ్యా, ఆ విల్లు పక్కనబెట్టి పండుకో' అన్నాది."

హజరత్తయ్య బతికింది ఇంకెన్నాళ్ళో కాదు. ఉన్నన్నాళ్ళూ కూతురు పడుకున్న మంచం పక్కనే కూర్చుని, అది ఎప్పుడు లేస్తుందా, మస్తానమ్మ ఇంకేమన్నదో ఎప్పుడు చెబుతుందా అని ఎదురుచూసేవాడు.