ఒంటికాలి కొంగ

రెండువేల ఇరవై ఐదు నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం. నర్సీపట్నంలోని ఆ పాఠశాల ఆవరణలో గంట కొట్టకముందే హాజరైనవారు: వెల్డర్ అప్పలకొండ, ప్రధానోపాధ్యాయిని బాలాంబ, ఎనిమిదో తరగతి పిల్లలు, రెక్కలింకా పూర్తికాని ఒక ఇనుప కొంగ.

అప్పలకొండ అప్పటికే గొంతుకూర్చుని కొడవలి మీది తుప్పు గీకుతున్నాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన నల్లని చుక్కలు. కళ్ళు నిద్రలేనివాడివిలా ఎర్రన. ఇక వెల్డింగు వెలుగు చూడవద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. ఇదే ఆఖరి పని; సాయంత్రం ఎస్. రాయవరంలోని పెద్దకూతురింటికి ప్రయాణం. బతుకంతా గేట్లూ, కిటికీ ఊచలూ చేశాడు. ఊరికే చూసి మురిసిపోయే వస్తువు ఒక్కటీ చేయలేదు.

పిల్లలు ఇళ్ళనుంచి తెచ్చిన అరిగిపోయిన కొడవళ్ళే కొంగకు ఈకలు. ఇనుము చేతికివ్వకూడదు గనుక ఒక్కొక్కరూ నేల మీద పెడుతుంటే అతను తీసుకుని పదును అరగదీస్తున్నాడు. లావణ్య మాత్రం తిన్నగా చేతిలో పెట్టేసింది.

"సేతికిస్తే తగువొస్తాదే, పిల్లా."

"మనకేటి తగువు, తాతా?"

మధ్యాహ్నానికి ఆ తగువు రానే వచ్చింది. అప్పలకొండ అలవాటు కొద్దీ కొంగకు రెండో కాలు అతికించాడు. ఎన్నో గేట్లకు జోడు స్తంభాలు నాటిన చేయి మరి.

"ఇది కొంగేటి? గేటు," అంది లావణ్య. "మా మడిలో కొంగ ఒక కాలు దాసుకుంటాది."

"పడితే నీ బుర్ర మీదే పడతాది."

"నువ్వు సేసింది ఎందుకు పడతాది?"

బాలాంబ కల్పించుకుంది. "రెండు కాళ్ళే ఉండనివ్వండి, అప్పలకొండ గారూ. రేపేదైనా జరిగితే అందరూ నన్నడుగుతారు. మీరు ఊళ్ళో కూడా ఉండరు."

అతను అన్నం క్యారేజీ మూసి కొంగ కాళ్ళ వైపు చూశాడు. మొదటి కాలు ఎడ్లబండి ఇరుసు. మోకాలిలోతు సిమెంటులో దిగి ఉంది. లేచాడు. "కళ్ళు మూసుకోండర్రా" అని రెండోకాలు కోసేశాడు. ఆ మీదట కొంగ మెడ పట్టుకుని ఒళ్ళు బరువంతా వేసి వేలాడాడు. కొంగ ఊగింది, కొడవళ్ళన్నీ సన్నగా వణికాయి, నిలిచింది. గేటు కాస్త ఊగితే నిద్రపట్టని మనిషి ఆ ఊపు చూసి నవ్వాడు.

"కాగితం రాయండమ్మా. ఒంటికాలికి పూచీ నాది."

ఆమె రాసింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అక్షరం వెంట అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు.

వెళ్ళేముందు సంచిలోంచి చిన్న సుత్తి తీసి లావణ్య పాదాల ముందు నేల మీద పెట్టాడు.

"సుత్తి ఒగ్గేసి ఎల్తున్నావేటి, తాతా?"

"సేతికియ్యలేదు సూడు. ఇంక తగువు లేదు."

అతనెక్కిన షేర్ ఆటో మలుపు తిరిగేదాకా పిల్ల కదలలేదు. లోపల బాలాంబ కిటికీలోంచి కొంగను ఒకసారి చూసి, కాగితం మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది. బయట, ఒంటికాలి నీడ కొసన, అతని వేళ్ళు అరగదీసిన గుంటలతో, ఆ సుత్తి పిడి లావణ్య వైపే తిరిగి ఉంది.