రెండో దండ

పార్కు గేటు దగ్గర సరిత తల్లి చేయి గట్టిగా పట్టుకుంది. వదిలితే ఎక్కడ వెనక్కి తిరిగి తమ ఊరు బూర్గంపాడు బస్సెక్కుతుందోనని సరిత భయం.

గోదావరి గట్టున కట్టిన ఆ పార్కుకు ఇద్దరు పడవవాళ్ల పేర్లు పెట్టారు, సారంగపాణి, సీతయ్య. ఎనభై ఆరు వరదలో మునిగిన ఊళ్ల జనాన్ని దాటిస్తూ ఇద్దరూ ఏటికి బలైపోయారు. సీతయ్య శవం దొరికింది. సరిత తండ్రి సారంగపాణిది దొరకలేదు. శవం దొరకకపోతే గడ్డిబొమ్మ చేసి కాల్చి, భార్య బొట్టూ గాజులూ తీయించడం వాళ్లలో ఆచారం. పెద్దమనుషులు తెచ్చిన ఆ గడ్డిని సరిత తల్లి నాంచారమ్మ బర్రెకు వేసింది. ఈనాటికీ ఆమె నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతుల నిండా గాజులు.

ఇప్పుడు మొగుడి విగ్రహానికి ఆమె దండ వెయ్యాలి.

“ఒక్క దండనే అమ్మా. ఏసి దిగు.”

“దండేస్తే సచ్చిండని ఒప్పుకున్నట్టే గదనే.”

సరితకు ఒళ్లు మండింది. ఈ పేర్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసింది తను. ఏ చిన్న గొడవైనా పార్కు పేరు మార్చేస్తామని కమిటీ పెద్ద జయప్రకాశ్ పొద్దున్నే ముఖం మీద చెప్పాడు. మార్చడానికి వాళ్ల తాత పేరు సిద్ధంగానే ఉంది మరి.

సీతయ్య కొడుకు తండ్రి విగ్రహానికి దండ వేసి దిగిపోయాడు. మైకులో నాంచారమ్మను పిలిచారు. ఆమె కదల్లేదు. మళ్లీ పిలిచారు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. జయప్రకాశ్ లేచి మైకు అందుకోబోయాడు.

అప్పుడు నాంచారమ్మ మెట్లెక్కింది. అతిథుల కోసం ఉంచిన పళ్లెంలోంచి రెండు దండలు తీసుకుంది. ఒకటి విగ్రహం మెడలో వేసింది. రెండోది తన మెడలో వేసుకుని, పెళ్లిపీటల మీదలా తల వంచుకుని మొగుడి పక్కన నిలబడింది.



“ఏందమ్మా ఇది” అని జయప్రకాశ్ సరిత వైపు గుడ్లురిమాడు. ఇంతలో ముందు వరసలో ఓ ముసలామె చప్పట్లు కొట్టింది. ఆనాడు సారంగపాణి పడవెక్కి బతికిన మనిషి. ఆమె వెనక వరస, దాని వెనక వరస కొట్టాయి. చివరికి జయప్రకాశ్‌కూ కొట్టక తప్పలేదు.

సరిత పైకి పరుగెత్తి తల్లిని వాటేసుకుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

“మీ నాయన ఒడ్డుకొచ్చిండు బిడ్డా” అంది నాంచారమ్మ, రాతి చెంప మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ. “గాజులు రేపు తీద్దాం. ఇయ్యాల ఉండనీ.”