చూసి రాయమ్మా

కుట్టుమిషన్ పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ ముందు డిగ్రీ చివరి పరీక్షకు కూర్చున్నాను. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చూపు తెర మీంచి కదలకూడదు. కెమెరా అన్నీ రికార్డు చేస్తుంది. బట్టలు కుట్టుకుంటూనే మూడేళ్ళు చదివానంటే ఈ ఆన్‌లైన్ చదువు పుణ్యమే. రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్ళే తీరిక నాకెక్కడిది?

ఆరో ప్రశ్న రాస్తుండగా తలుపు అవతల నుంచి మా అత్తయ్య కేకేసింది.

“కంగారుపడకు, చూసి రాయమ్మా!”

జాగ్రత్తగా రాయమని ఆవిడ ఉద్దేశం. కానీ చూసి రాయడమంటే కాపీ కొట్టడం కూడానూ!

మర్నాడే మెయిల్ వచ్చింది. “మీకు ఎవరో చూసి రాయమని చెప్పారు. మీ సంజాయిషీ వీడియోలో పంపండి. ఒక్కసారే అవకాశం.”

ఒళ్ళు మండిపోయింది. మామూలు కాలేజీ అయితే మేడమ్ మా అత్తయ్య మొహం చూసి, నవ్వేసి పొమ్మనేది. ఇక్కడ ఎవరి కాళ్ళావేళ్ళా పడను, కెమెరా కాళ్ళా?

సంగతి విని అత్తయ్య లబోదిబోమంది. కాసేపటికి తేరుకుని, “తప్పు చేయనప్పుడు భయమెందుకు? ఉన్నదున్నట్టు చెప్పు” అంది. ఇక నోరు విప్పనని ఒట్టేసి బయటికి వెళ్ళింది.

రికార్డు బటన్ నొక్కాను.

“సార్, ఆ మాటకు అర్థం జాగ్రత్తగా రాయమని. నేను ఎక్కడా చూడలేదు. నాకెవరూ ఏమీ చెప్పలేదు…”

నా గొంతు వణికింది. తలుపు అవతల ఆవిడ ఉండబట్టలేకపోయింది.

“భయపడకు తల్లీ, నేను చెప్పినట్టే చెప్పు!”