తోమిన ఇంజిన్

డాన్‌కాస్టర్‌లో తన ఇంటి వెనక గదిలో రేమండ్ ఒక బొమ్మ రైల్వే స్టేషన్ కట్టుకున్నాడు. మోకాలి ఆపరేషన్‌కని అతను ఆస్పత్రిలో ఉండగా, వచ్చాక సంబరపడతాడని, భార్య హిల్డా అందులోని నీలం డీజిల్ ఇంజిన్‌ను పాత టూత్‌బ్రష్‌తో తళతళలాడేలా తోమింది.

ఇంటికొచ్చిన రేమండ్ దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఆ మసీ, తుప్పూ, నూనె మరకలూ నిజం ఇంజిన్‌లా కనబడాలని చలికాలమంతా కూర్చుని సన్నటి కుంచెతో అతను వేసినవే.

"మురికిని ఎవరైనా కావాలని పూసుకుంటారా?" అంది హిల్డా చిన్నబోయి. "నన్నడిగితే మన పొయ్యి మీది జిడ్డు ఇచ్చేదాన్నిగా."

మెడలో కెమెరాలున్న గోరంత బొమ్మ మనుషుల్ని రేమండ్ పట్టకారుతో ఎత్తి, ఆ ఇంజిన్ దగ్గరికి, ప్లాట్‌ఫారం చివరికి చేర్చాడు.

"వాళ్ళనెందుకు కదుపుతున్నావ్?"

"నా చిన్నప్పుడు కొత్త రంగుతో ఇంజిన్ షెడ్డులోంచి బయటికొస్తే రైలు పిచ్చోళ్ళంతా ఫొటోలకి ఎగబడేవాళ్ళు. నేనూ బడి ఎగ్గొట్టి వెళ్ళేవాణ్ణి."

వసంతంలో బొమ్మ రైళ్ళ క్లబ్బు ప్రదర్శనకు వచ్చినవాళ్ళు, ఆ బొమ్మ మనుషుల గుంపులో బకెట్టు పట్టుకున్న ఆవిడెవరని అడిగారు.

"ఇంజిన్ తోమింది ఆవిడే," అన్నాడు రేమండ్, పక్కనే ఉన్న హిల్డా వైపు చూడకుండా.